చీటీ నంబరు 1650

మా క్యాంపు నీళ్ళ తొట్టి ఎంత పెద్దదంటే, ఈ గట్టున దిగిన ఒంటె ఈదుకుంటూ ఆ గట్టు ఎక్కేసరికి దానికి మనవలు పుట్టి ఉంటారు. లోపలికి వంగి దగ్గితే ఆ దగ్గు మరుసటి శుక్రవారానికి తిరిగొస్తుంది. ఇవి నా కొలతలు. కంపెనీ కొలతల ప్రకారం అది రెండు ట్యాంకర్ల నీళ్ళు పట్టే మామూలు సిమెంటు తొట్టి. అరవై రెండు మంది తాగి, వండుకుని, ఒళ్ళు కడుక్కుంటే నాలుగు రోజులొస్తుంది.

ఒమన్ దేశంలో దుక్మ్ రేవుకు నలభై కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఏమీ లేకపోవడం, వీటి నడుమ ఉంది మా క్యాంపు. అక్కడ నేను క్యాంప్ బాస్‌ని. పేరులో బాస్ ఉందని కంగారు పడకండి. గదుల తాళాలు, దుప్పట్లు, మెస్సు, మరుగుదొడ్లు, నీళ్ళు, ఇవి నా సామ్రాజ్యం. పక్క మంచం వాడి గురక మీద ఫిర్యాదు కూడా నా కోర్టుకే వస్తుంది. అక్కడి గాలిలో ఉప్పు ఎంతంటే మా వంటాయన కూరలో ఉప్పు వేయడు, గిన్నె మూత తీసి కిటికీ దగ్గర పెడతాడు.

అలాంటి చోట మనుషులకు సెలవు రోజున ఏం తోస్తుంది? అందుకని నేనొక ఆచారం పెట్టాను. నీళ్ళ ట్యాంకరు వారంలో మూడు నాలుగు సార్లు వస్తుంది, డ్రైవరు ప్రతి ట్రిప్పుకూ వరుస నంబరున్న చీటీ ఇస్తాడు, అందులో గురువారం చీటీ మాకు లెక్క. దాని మీద అచ్చయిన నంబరే ఆ వారం మా సంవత్సరం. ఆ సంవత్సరంలో లోకంలో ఏమేం జరిగిందో ఫోనులో వెతికి, మెస్సు గోడకున్న తెల్ల బోర్డు మీద తెలుగులో రాసి, శుక్రవారం భోజనాలయ్యాక చదివి వినిపించాలి. డ్రైవరు అన్ని క్యాంపులకూ కలిపి వారానికి పాతిక దాకా ట్రిప్పులు వేస్తాడు, కాబట్టి మేము నెలకో శతాబ్దం చొప్పున చరిత్రలో నడిచి వస్తున్నాం. మొదలుపెట్టినప్పుడు లోకంలో ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. ఏడాదికి పైగా నడిచి పదహారు వందలు దాటాం.

నియమం ఒక్కటే. మోసం లేదు. చీటీ చేతిలోకి తీసుకుని అంకెలు పైకి చదివేది క్యాంపంతా పెద్దన్న అని పిలిచే ఆయన. జగిత్యాల దిక్కు తాపీమేస్త్రీ, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనకు అక్షరాలు అంతంత మాత్రమే కానీ అంకెల దగ్గర హైకోర్టు. ఒకసారి నచ్చని సంవత్సరం వస్తే నేను ఒకటి పక్కకు జరపబోయాను.

"తమ్మీ, ఏడు ఏడే. నువ్వు కన్ను కొట్టినంత మాత్రాన ఎనిమిదైతదా?" అన్నాడు అందరి ముందూ.

ఆయన గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఆయనకు ఒక్కటే కిడ్నీ. రెండోది రాళ్ళు పట్టి పాడైతే ఊరికి పోయినప్పుడు తీసేశారు. రోజుకు నాలుగు లీటర్లు తాగాలి, ఒక్క పూట కూడా తప్పకూడదు అని డాక్టరు చెప్పాడు. రెండు లీటర్ల సీసా ఒకటి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నింపుకునేవాడు. మేము ఆయన్ని నడిచే తొట్టి అనేవాళ్ళం. కిడ్నీ సంగతి నాకు, వంటాయనకు మాత్రమే తెలుసు. కంపెనీకి తెలిస్తే పనికిరాడని ఇంటికి పంపేస్తుంది. ఆయనకు ఇంకో రెండేళ్ళు ఉండాలని ఉంది.

ఇక ఆ వారం. అంతకు ముందు వారం చీటీ 1623. ఆ లెక్కన రాబోయేది 1650 ప్రాంతం. ఆ సంవత్సరం కోసం నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. ఎందుకంటే అది ఒమన్ సంవత్సరం. దాదాపు నూట యాభై ఏళ్ళు మస్కట్‌ను పట్టుకుని కూర్చున్న పోర్చుగీసు వాళ్ళను ఒమనీలు వెళ్ళగొట్టింది అప్పుడే. దాని వెనక మస్కట్ వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. అరవై రెండు మంది నోళ్ళు తెరుచుకుని ఈగలు గూళ్ళు కట్టుకునేంత కథ. ఒక్క అంకె తప్పిపోతే చాలు, మళ్ళీ ఆ సంవత్సరం రాదు. చరిత్రలో వెనక్కి నడవడం మా నియమాల్లో లేదు.

అదే వారంలో కంపెనీ నుంచి ఆర్డరొచ్చింది. ఆదివారం ఇన్‌స్పెక్షను. ఆలోపు తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు తోమి, ఫొటో తీసి పంపి, మళ్ళీ నింపాలి. మెస్సులో మూడు నెలలు దాటిన పిండి బస్తాలు వెనక్కి పంపాలి. గురువారం తెల్లవారగానే అడుగు వాల్వు తిప్పాను. ఏడు గంటలకల్లా నీళ్ళన్నీ ఇసుకలోకి పోయాయి. ఆ ఇసుక ఎంత దాహంతో ఉందంటే తాగిన చప్పుడు వినిపించింది.

ఎనిమిదింటికి డ్రైవరు ఫోను చేశాడు. ఆయన ఒమనీయే, పెద్ద వయసు, మాతో హిందీలో మాట్లాడతాడు. నంబర్ల మీద మా పిచ్చి ఆయనకు తెలుసు కనుక ముందే చెబుతాడు.

"భాయ్, పదింటికి నీ దగ్గరుంటాను. ఇవాళ నీ సంవత్సరం పదహారు వందల నలభై ఎనిమిది."

రెండే రెండు అంకెల తేడా.

"బాబా, ఒక పని చెయ్యి. ఈ రెండు ట్రిప్పులు వేరే క్యాంపులకు వేసెయ్. మూడోది నాకు తీసుకురా," అన్నాను.

"మూడోది అంటే మధ్యాహ్నం మూడవుతుంది. తొట్టి ఖాళీ అన్నావుగా? దేశం లోపలి కొండల మీద మబ్బు పట్టింది, చూడు."

"మీ మబ్బులు ఫొటోల కోసం వస్తాయి బాబా."

ఆయన నవ్వి పెట్టేశాడు. నిజానికి హెచ్చరికలు బుధవారం నుంచీ వస్తున్నాయి. సముద్రంలో అల్పపీడనమట. నా నాలుగేళ్ళ సర్వీసులో అలాంటి హెచ్చరికలు పదకొండు వచ్చాయి, చినుకులు మూడు పడ్డాయి, అందులో రెండు ఏసీ నీళ్ళు. అయినా కంపెనీ భయపడి ఆ మధ్యాహ్నం నుంచి సైటు ఆపేసి అందరినీ రూములకు పంపించింది.

నేను ఊరుకోలేక చీటీ రాకముందే బోర్డు రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఏదో తేడా కొట్టింది. మామూలుగా ఒక సంవత్సరంలో నాలుగు చావులుంటే ఒక పెళ్ళి, ఒక కొత్త యంత్రం ఉంటాయి. ఇందులో వెతికి వెతికి ఒక కాఫీ కొట్టు దొరికింది. ఇంగ్లండులో మొట్టమొదటి కాఫీ కొట్టు అప్పుడే తెరిచారంటారు. మిగిలిందంతా చీకటి. ఫ్రాన్సు దేశపు మహా తత్వవేత్త ఒకాయన్ని చలిదేశపు రాణి పాఠాలు చెప్పమని పిలిపించుకుని, తెల్లవారుజామున ఐదింటికే డ్యూటీ వేసిందట. శీతాకాలం గడవకముందే చచ్చిపోయాడు. గ్రీకు దీవి పక్కన సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి, దాని విషపు గాలికి ఒడ్డున మనుషులు, పశువులు పడిపోయారు. డచ్చి దేశపు యువరాజు మశూచి వచ్చి పోయాడు, ఎనిమిది రోజులకు కొడుకు పుట్టాడు. స్కాట్లండు సైన్యం క్షేమంగా కొండ మీద ఉన్నది ఉండక కిందికి దిగొచ్చి నాశనమైంది. ఐర్లండులో ఒక బిషప్పు ఈ సృష్టి మొత్తం ఫలానా సంవత్సరం, ఫలానా సాయంత్రం మొదలైందని లెక్కగట్టి పుస్తకం వేశాడు.

భోజనాల వేళ అందరూ బోర్డు చుట్టూ చేరారు. వంటాయన గరిటె పట్టుకుని వచ్చాడు. ఆయనది గోదావరి జిల్లా. ఆయన మర్యాద చూసి గిన్నెలు కూడా కూర్చోవు, లేచి నిలబడతాయి.

"ఆయ్, సాయంత్రం మొదలెట్టాడండీ దేవుడు? మరి ఆ రాత్రికి వంటెవరు చేశారంటారు బాసుగారూ?"

"సాయంత్రం ఎక్కినోడు నైట్ షిఫ్టే," అన్నాడు పెద్దన్న. "అందుకే మన బతుకులు గిట్ల నిద్రకండ్లతోని ఉన్నయ్." తర్వాత బోర్డు వైపు చూసి, "చీటీ రాకముందే రాసినవేంది తమ్మీ?" అన్నాడు.

"అంచనా అన్నా. తప్పైతే తుడిచేస్త."

"నీళ్ళు ఎప్పుడొస్తయ్? నా సీసా పొద్దుగాల ఒక్కసారే నిండింది."

"మూడింటికల్లా అన్నా."

ఇక ఆగలేక మస్కట్ కథ ఎత్తుకున్నాను. రేవు మీద రెండు కోటలు. వాటిలో పోర్చుగీసు దొర. ఊళ్ళో పెద్ద వ్యాపారి ఒకడు, పశ్చిమ తీరం నుంచి వలసొచ్చిన హిందువు, కోటలకు సరుకంతా ఆయనే ఇస్తాడు. దొర కన్ను ఆయన కూతురి మీద పడింది, ఇవ్వమన్నాడు. కాదంటే తల పోతుంది. సరేనన్నాడు వ్యాపారి, కానీ పెళ్ళి పనులకు గడువడిగాడు. ఆ గడువులో దొరతో అన్నాడు, అయ్యా, మీ తొట్లలో నీళ్ళు పాతబడ్డాయి, గోధుమలు పుచ్చాయి, మందుగుండు చెమ్మగిల్లింది, అన్నీ తీయించి కొత్తవి పెడతాను అని. దొర ఊ అన్నాడు. పాతవన్నీ బయటికి వెళ్ళాయి. కొత్తవి రాలేదు. కోటలు ఖాళీగా ఉన్నాయని వ్యాపారి ఒమనీలను ఏలే ఇమాముకు కబురంపాడు. కోటలు రెండూ ఒమనీల చేతికి వచ్చాయి.

కథ అయిపోయేసరికి మెస్సంతా నిశ్శబ్దం. నేను కోరుకున్న నిశ్శబ్దమే. అయితే దాని అడుగున ఇంకో చప్పుడు వినిపిస్తోంది. వంద లారీలు గేరు మార్చకుండా ఎక్కడో దూరంగా వస్తున్నట్టు.

బయటికి వచ్చి చూశాం. పైన ఎండ కాస్తోంది. మా క్యాంపుకూ పెద్ద రోడ్డుకూ మధ్య ఒక వాదీ ఉంది. ఏడాది పొడుగునా ఎండిపోయి పడి ఉండే ఏరు, మేకలు దాటే చోటు. మా మీద చుక్క వాన లేదు. లోపలి కొండల మీద పడిన వానంతా ఆ దారినే దిగి వస్తోంది. ముందు నురగ వచ్చింది, వెనక ముళ్ళకంపలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, తర్వాత ఎర్రటి నీళ్ళ గోడ. పావుగంటలో అవతలి గట్టు నాలుగు వందల మీటర్ల దూరం జరిగిపోయింది. ఇక్కడ నేను పెంచడం లేదు.

మూడింటికి ట్యాంకరు వచ్చింది. అవతలి గట్టుకు. నీలం రంగు ట్యాంకరు, మంచినీళ్ళకు ఆ రంగే వేస్తారు. ఎర్రని వరద మీదుగా అది బొమ్మలా కనిపించింది. డ్రైవరు ఫోను చేశాడు.

"భాయ్, నీ పదహారు వందల యాభై నిండుగా ఉంది. ఎలా ఇవ్వమంటావ్? వెనక రోడ్డు కూడా తెగిందట. నేను ఇక్కడే."

ఆ మూడు రోజులూ అది అక్కడే ఉంది. పొద్దున లేచి చూస్తే అదే, సాయంత్రం చూస్తే అదే. మావాళ్ళు గట్టు మీద వరుసగా కూర్చుని సినిమా తెర చూసినట్టు చూసేవాళ్ళు. వరద నీళ్ళు తాగడానికి లేదు. ఎగువన మురుగు ట్యాంకర్లు ఖాళీ చేసే గుంటలన్నీ కడుక్కుని వచ్చాయవి. వాసనకే కళ్ళు మండేవి. కంపెనీకి ఫోను చేస్తే, మీరు పొడిగా ఉన్నారు, సహాయ బృందాలు కొట్టుకుపోతున్న వాళ్ళ సంగతి ముందు చూస్తున్నాయి, ఓపిక పట్టండి అన్నారు. న్యాయమే.

మా దగ్గరున్నది వంటగదిలో ఒక డ్రమ్ము, ఆఫీసులో నాలుగు కార్టన్ల సీసాలు. వంటాయన, నేను కూర్చుని మనిషికి రోజుకు లీటరు అని తేల్చాం. అందరూ ఇన్‌స్పెక్షను ఆర్డరిచ్చిన వాణ్ణి తిట్టారు. వాడి వంశంలో ఏడు తరాలు ఎండిపోవాలన్నారు. నేను తల ఊపాను. పదింటికి రావలసిన ట్యాంకరును ఎవరు ఆపారో ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, వాళ్ళతో కలిసి తిడుతున్నాను.

నా వంతు లీటరు తీసుకెళ్ళి పెద్దన్న సీసాలో పోయబోయాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అందరికి ఎంతనో నాకూ అంతనే."

"నేను ఒంటె జాతన్నా. నెల రోజులు తాగకున్నా నడుస్త."

"నువ్వు నడువకున్నా నోరు నడుస్తది. నాకు ఎక్కువ పోస్తె ఎందుకని అడుగుతరు. ఒగనికి తెలిస్తె కంపెనీకి తెలుస్తది. పోయి తాగు."

ఏసీల కింద బకెట్లు పెట్టాం. చినుకు చినుకు లెక్కన వచ్చే ఆ నీళ్ళు, నేను ఎగతాళి చేసిన నీళ్ళు, వంటాయన కాచి వడకట్టేవాడు. ఇనుము రుచి. శుక్రవారం ఎవరూ బోర్డు చదవమనలేదు. అన్నం తింటూ మాత్రం దాని వైపు చూసేవాళ్ళు. తొట్లు ఖాళీ, పిండి వెనక్కి, విషపు గాలి, అన్నీ అక్కడ నా అక్షరాల్లోనే ఉన్నాయి. ఎవరో అడిగారు, "ఆ కొండ దిగిన సైన్యం ఎందుకు దిగిందట?" అని. గెలుపు తొందరలో దిగిందట, ఆ మాట చెప్పకుండా ఏసీ బకెట్లు చూడటానికి లేచాను.

శనివారం పొద్దున పెద్దన్న మరుగుదొడ్డి నుంచి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. పెదవులు అట్ట కట్టాయి.

"ఎట్లున్నదన్నా?"

"పాలు లేని చాయ్ తీరుగ వస్తుంది తమ్మీ." నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. ఉన్న కిడ్నీ పక్కన.

మెస్సులోకి వెళ్ళి బెంచీ ఎక్కాను. ఈయనకు ఒక్కటే కిడ్నీ, రోజుకు నాలుగు లీటర్లు తాగకపోతే అది కూడా పోతుంది, తలా ఒక మూత నీళ్ళు పొయ్యండి అన్నాను. వాళ్ళు నా ముఖం చూశారు. వెనక నుంచి ఒకడన్నాడు:

"పోయిన నెల నీ బాబాయికి మూడు గుండెలన్నవ్ గద బాసూ."

ఇంకొకడు నవ్వాడు. పొడి గొంతుతో నవ్వితే గరగర శబ్దం వస్తుంది. నేను ఒట్టు వేశాను. నా ఒట్లకు కూడా అక్కడ మంచి పేరేమీ లేదు. అప్పుడు వంటాయన గరిటె పక్కన పెట్టి ముందుకు వచ్చాడు.

"నిజమేనండీ. ఆ కుట్ల మచ్చ నేను చూశాను."

నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరే లేచి మూతలతో పోశారు. మూత మీద మూత, సీసా పావు వంతు నిండటానికి చాలాసేపు పట్టింది. పెద్దన్న తాగుతూ నా వైపు కోపంగా చూశాడు. ఆ కోపం సరైనదే, కాకపోతే తప్పు కారణానికి.

ఆదివారం పొద్దున వరద తగ్గింది. ట్యాంకరు చక్రాలు సగం మునుగుతూ వాదీ దాటి వచ్చింది. మావాళ్ళు గొట్టానికి నోళ్ళు పెట్టారు. డ్రైవరు దిగి, జేబులో మెత్తబడిన చీటీ తీశాడు. అలవాటు కొద్దీ పెద్దన్న చెయ్యి చాచాడు. నిలబడటం కష్టంగా ఉంది, అయినా చాచాడు.

"పదహారు వందల యాభై," అని చదివాడు.

డ్రైవరు నా భుజం తట్టాడు. పాపం ఆయనకేం తెలుసు. నలుగురికీ అర్థమయ్యే హిందీలోనే అన్నాడు, "ఈ నంబరే కావాలని రెండు ట్రిప్పులు వేరే చోట పోయించావు కదా భాయ్. ఇప్పుడు సంతోషమా?"

గొట్టం చప్పుడులో మిగతావాళ్ళు వినలేదు. పెద్దన్న విన్నాడు. చీటీని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అదే ట్యాంకరు ముందు సీట్లో ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డ్రైవరు, నడుమ ఆయన, ఇటు నేను. దారి పొడుగునా బురద, బోర్లాపడిన ఒక మేకల పాక. సగం దూరం పోయాక అడిగాడు.

"ఆ వ్యాపారి బిడ్డ పెండ్లి ఆపుకునేందుకు తొట్టి ఖాళీ చేసిండు. నీ ఇంట్ల ఏం పెండ్లుండె తమ్మీ?"

నేను నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చాను.

కిడ్నీ పూర్తిగా పోలేదు, కానీ దెబ్బ తింది అన్నారు. రక్తంలో ఒక నంబరు ఉంటుందట, అది పెరిగితే కిడ్నీ తరిగినట్టు. ఆసుపత్రి కాగితం కంపెనీకి వెళ్ళింది. సైటుకు పనికిరాడని రాశారు. మూడు వారాలకు విమానం ఎక్కించారు. వెళ్ళేముందు అందరితో చేతులు కలిపాడు. ట్యాంకరు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనే తర్వాత మెస్సులో చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఒకడు లేచి పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు, తర్వాత మిగతావాళ్ళు.

బోర్డు ఇప్పుడు భోజనాల టైములు రాయడానికి వాడుతున్నాం. ఎంత తుడిచినా ఒక మూల పాత అక్షరాలు కొన్ని పోలేదు. డ్రైవరు నంబరు చెప్పబోతే, నీళ్ళు తే బాబా చాలు అంటాను. చరిత్ర మాత్రం మాకు పదహారు వందల యాభై దగ్గరే ఆగింది.

ప్రతి శుక్రవారం భోజనాల వేళకు పెద్దన్న ఫోను చేస్తాడు. బాగున్నవా అనడు.

"తొట్టి ఎంత ఉన్నది?"

అప్పటికే నేను కర్ర ముంచి కొలిచి ఉంటాను. నాలుగడుగుల రెండంగుళాలు అంటే నాలుగడుగుల రెండంగుళాలే. తర్వాత ఆయన తన నంబరు చెబుతాడు, ఆ వారం రక్తపరీక్షది. ఈసారి పోయిన వారం కన్నా ఎక్కువ. దానికి ముందు వారం కూడా అంతే. ఇద్దరిలో ఎవరమూ పెంచి చెప్పడం లేదు.